ఏడు టెస్టుల సాకుతో సీకేను గడప బయట నిలబెట్టారు

సి.కె. నాయుడు పేరెత్తితే ఈ కాలపు క్రికెట్ అభిమానులు రెండు ముక్కలు మాట్లాడతారు. మొదటి ముక్క వినయంగా ఉంటుంది. భారత జట్టుకు మొట్టమొదటి టెస్టు కెప్టెన్, మహానుభావుడు, చేతులెత్తి దండం పెట్టాల్సిందే అంటారు. రెండో ముక్క ఫోనులో అంకెలు చూసుకున్నాక వస్తుంది. ఆడింది ఏడు టెస్టులు, చేసింది 350 పరుగులు, సగటు 25. సెంచరీ ఒక్కటీ లేదు. తీసినవి 9 వికెట్లు. నాలుగు టెస్టులకు కెప్టెన్సీ చేస్తే మూడు ఓటములు, ఒక డ్రా. ఇంత తక్కువ అంకెలున్న మనిషిని ఐసిసి హాల్ ఆఫ్ ఫేమ్‌లో బ్రాడ్‌మన్ పక్కన, గవాస్కర్ పక్కన ఎట్లా కూర్చోబెడతారు? దండం పెట్టుకుందాం, ఆయన పేరు మీద ఒక ట్రోఫీ ఉండనే ఉంది, అంతటితో సరిపెట్టుకుందాం అని తేల్చేస్తారు.

ఈ మాట మర్యాదగా ఉంది, లెక్కల్లో ఉంది. అందుకే నమ్మబుద్ధి అవుతుంది. కానీ ఆ లెక్కను చివరిదాకా చదివితే వాళ్ళు చెప్పినదానికి సరిగ్గా ఎదురు తీర్పు వస్తుంది. నాయుడిని బయట ఉంచుతున్నది ప్రమాణాల పట్టింపు కాదని, వట్టి మరపేనని చూపడం ఈ వ్యాసం పని.

ముందు ఆ హాలు సంగతి. 2009లో ఐసిసి దాన్ని 55 మందితో మొదలుపెట్టింది. బిషన్ సింగ్ బేడీ, కపిల్ దేవ్, గవాస్కర్ ఆ మొదటి పంక్తిలోనే ఉన్నారు. తర్వాత కుంబ్లే, ద్రావిడ్, సచిన్, వినూ మన్కడ్, సెహ్వాగ్, డయానా ఎడుల్జీ, నీతూ డేవిడ్ చేరారు. 2025లో ధోనీ చేరికతో భారతీయుల సంఖ్య పదకొండయింది. వీళ్ళలో ఎవరి అర్హతనూ ప్రశ్నించాల్సిన పని లేదు. కానీ ఈ పదకొండు మందీ వేసుకున్న టోపీని దేశం తరఫున మొదట పెట్టుకుని లార్డ్స్‌లో టాస్‌కు నడిచిన మనిషి మాత్రం ఆ జాబితాలో లేడు.

సరే, లెక్కకే వద్దాం. నాయుడు ఏడు టెస్టులే ఆడాడు, నిజమే. మరి రెండో ప్రపంచ యుద్ధానికి ముందు భారత జట్టు మొత్తం ఎన్ని టెస్టులు ఆడింది? 1932లో లార్డ్స్‌లో ఒకటి. 1933-34లో డగ్లస్ జార్డిన్ జట్టు మన దేశానికి వచ్చినప్పుడు బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో మూడు. 1936లో ఇంగ్లండ్‌లో మూడు. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నా ఏడే వస్తాయి. ఆ ఏడింటిలోనూ నాయుడు ఉన్నాడు. దేశం ఆడిన ప్రతి టెస్టూ ఆడినవాణ్ణి పట్టుకుని 'ఏడే ఆడాడు' అని తీసిపారేస్తున్నాం. ఎనిమిదోది ఎక్కడినుంచి తెచ్చి ఆడమంటారు?

వయసు కూడా చూడండి. 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో పుట్టిన నాయుడు 1916లో ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లోకి వచ్చాడు. 1932 జూన్ 25న భారత జట్టు తొలి టెస్టు ఆడేనాటికి ఆయనకు ముప్పై ఆరు నిండి ముప్పై ఏడు నడుస్తోంది. చేతిలో సత్తువ, కంటిలో చురుకు నిండుగా ఉన్న పదహారేళ్ళు గడిచిపోయాక టెస్టు వాకిలి తెరుచుకుంది. చివరి టెస్టు 1936లో, నలభయ్యో ఏట. యుద్ధం ముగిసి భారత జట్టు మళ్ళీ టెస్టు ఆడేసరికి 1946 వచ్చింది, ఆయనకు యాభై నిండాయి. ఇప్పటి ఆటగాళ్ళు రిటైరై కామెంటరీ పెట్టెలో కూర్చునే వయసులో ఆయనకు తొలి టెస్టు దక్కింది.

ఈ మాట మా అనంతపురంలో ఇంత వివరంగా చెప్పాల్సిన అవసరం ఉండకూడదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు మించి వాన చూడని నేల ఇది. ఇక్కడ వేరుశనగ రైతును ఎకరాకు ఎన్ని మూటలైందని అడిగే ముందు, ఎన్ని పదునులు దొరికాయని అడుగుతారు. రెండే పదునులతో నాలుగు మూటలు ఇంటికి తెచ్చినవాణ్ణి, కాలువ కింద ఇరవై మూటలు తీసినవాడి పక్కన నిలబెట్టి చేతగానివాడని తీర్పు చెప్పే అవివేకి ఈ పల్లెల్లో కనపడడు. దిగుబడిని వానతో కలిపే చదవాలని ఇక్కడ బడికి పోని ముసలమ్మకు కూడా తెలుసు. అదే అనంతపురంలో క్రికెట్ దగ్గరికి వచ్చేసరికి చదువుకున్న కుర్రాళ్ళు మూటలు మాత్రమే లెక్కపెడుతున్నారు.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. అవకాశాలు తక్కువైతే అయ్యాయి, ఆ తక్కువలోనైనా గొప్పగా ఆడి ఉండాలి కదా? హాల్ ఆఫ్ ఫేమ్ అంటే సానుభూతి పింఛను కాదు కదా?

న్యాయమైన ప్రశ్నే. దీనికి నాకంటే ఐసిసి సొంత జాబితాయే బాగా జవాబు చెబుతుంది. దక్షిణాఫ్రికాకు చెందిన బ్యారీ రిచర్డ్స్ ఆడిన టెస్టులు ఎన్ని? నాలుగు. నాయుడి కంటే మూడు తక్కువ. అయినా 2009 నాటి మొదటి 55 మందిలోనే ఆయన ఉన్నాడు. నాలుగు టెస్టుల్లో 508 పరుగులు, సగటు 72 అని మీరు గుర్తుచేస్తారు. కానీ ఆ నాలుగూ ఆయన ఇరవై నాలుగేళ్ళ ప్రాయంలో, 1970లో, సొంత గడ్డ మీద ఆడినవి. ఆ వెంటనే జాతివివక్ష పాలన కారణంగా దక్షిణాఫ్రికాను క్రికెట్ ప్రపంచం వెలివేసింది. ఆయనను హాలులోకి తెచ్చింది ఆ నాలుగు టెస్టులే కాదు. కౌంటీల్లో, దేశవాళీ పోటీల్లో చూసినవాళ్ళు, ఈ మనిషికి టెస్టులు దొరికి ఉంటే ఆకాశమే హద్దు అని ఒప్పుకున్నారు. తన దేశ ప్రభుత్వం చేసిన పాపానికి అవకాశం పోగొట్టుకున్న ఆటగాడి విషయంలో ప్రపంచం అంత ఉదారంగా ఆలోచించింది, మంచిదే. మరి తన దేశం పరాయి పాలనలో ఉన్నందుకు పదహారేళ్ళు పోగొట్టుకున్న ఆటగాడి దగ్గరికి వచ్చేసరికి ఆ ఉదారత ఎక్కడికి పోయింది?

రిచర్డ్స్ సగటు చూసి ఇంకా తటపటాయించేవాళ్ళకు లియరీ కాన్‌స్టంటైన్ పేరు చెబుతాను. ట్రినిడాడ్‌కు చెందిన ఈ ఆల్‌రౌండర్ 18 టెస్టుల్లో 635 పరుగులు చేశాడు. సగటు 19. తీసినవి 58 వికెట్లు. మన కుర్రాళ్ళ కొలత ప్రకారం ఈ అంకెలు నాయుడి అంకెల కంటే పెద్ద మెరుగేమీ కాదు, బ్యాటింగ్‌లో ఇంకా తక్కువ. అయినా 2021 జూన్‌లో ఐసిసి ఒక్కో కాలానికి ఇద్దరు చొప్పున ఐదు కాలాలకు పదిమందిని ఎంపిక చేసినప్పుడు, రెండు ప్రపంచ యుద్ధాల నడుమ కాలానికి తీసుకున్న ఇద్దరిలో కాన్‌స్టంటైన్ ఒకడు. రెండోవాడు ఆస్ట్రేలియాకు చెందిన స్టాన్ మెకేబ్. కాన్‌స్టంటైన్ ఎంపిక నూటికి నూరుపాళ్ళు సరైనది. వెస్టిండీస్ క్రికెట్ అంటే ఎట్లా ఉంటుందో లోకానికి మొదట చూపించినవాడు. వర్ణవివక్ష మీద లండన్ హోటల్‌ను కోర్టుకు లాగి గెలిచినవాడు. బ్రిటిష్ ప్రభువుల సభలో జీవితకాల సభ్యత్వం పొందిన తొలి నల్లజాతీయుడు. ఆయన్ను సగటుతో కొలవలేమని ఐసిసి తెలుసుకుంది. యుద్ధాల నడుమ కాలం నాయుడిది కూడా. కాన్‌స్టంటైన్ దగ్గర పక్కన పెట్టిన సగటును నాయుడి దగ్గర బయటికి తీయడం ఏ ధర్మం?

అసలు ఐసిసి రాసుకున్న కొలబద్దలోనే దీనికి చోటుంది. స్థూలంగా చెప్పుకుంటే, బ్యాటర్‌కు 8000 పరుగులు, 20 సెంచరీలు లేదా 50 దాటిన సగటు కావాలి. బౌలర్‌కు 200 వికెట్లు కావాలి. ఇవేవీ లేకపోయినా ఆట చరిత్ర మీద మౌలికమైన ముద్ర వేసినవాళ్ళను తీసుకోవచ్చు. ఈ చివరి వాక్యం అలంకారానికి రాసింది కాదు. కాన్‌స్టంటైన్ లోపలికి నడిచిన దారి అదే. నాయుడు ఆ దారికి తగునా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న దగ్గరికి రాకుండా ఏడు టెస్టుల దగ్గరే వాదన ఆపేయడం తప్పించుకోవడమే.

ఇప్పుడు ఆ ముద్ర సంగతి చూద్దాం. 1926-27లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లండ్ నుంచి ఎంసీసీ జట్టు మన దేశానికి వచ్చింది. మారిస్ టేట్ వంటి టెస్టు బౌలర్లున్న జట్టు అది. పర్యటన మొత్తంలో ఓటమి ఎరుగదు. బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టుతో జరిగిన మ్యాచ్‌లో ఎంసీసీ 363 పరుగులు చేసింది. గై ఎర్ల్ అనే బాదుడుగాడు 8 సిక్సర్లతో జనాన్ని బెదరగొట్టాడు. 1926 డిసెంబర్ 1న నాయుడు బ్యాటు పట్టి జవాబు చెప్పాడు. రెండు గంటల లోపే 153 పరుగులు, అందులో 11 సిక్సర్లు. ఆ రోజుల్లో ఒక ఇన్నింగ్స్‌లో అన్ని సిక్సర్లు కొట్టిన మనిషి ప్రపంచంలో లేడు. ఎంసీసీ ఆయనకు వెండి బ్యాటు బహూకరించింది.

ఆ ఒక్క ఇన్నింగ్స్‌తోనే భారత్‌కు టెస్టు హోదా వచ్చిందని నేననను. పటియాలా మహారాజు, గ్రాంట్ గోవన్, ఆంథొనీ డిమెల్లో వంటివాళ్ళ కృషిని చెరిపేయడం చరిత్ర కాదు. కానీ ఏదైనా అడగాలంటే ముందు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. తెల్లవాళ్ళతో సమానంగా ఆడగలరా అని అడిగేవాళ్ళకు చూపించడానికి ఆ డిసెంబర్ పూట దొరికింది. సొంత బోర్డు పెట్టుకోండని గిల్లిగన్ ఉత్సాహపరిచాడు. 1928 డిసెంబర్‌లో బిసిసిఐ పుట్టింది. 1932లో లార్డ్స్‌లో తొలి టెస్టు. ఈ మూడు మెట్లలో మొదటి మెట్టు మీద నిలబడి ఉన్నది ఎవరో చెప్పడానికి పండితులు అక్కర్లేదు.

1932 పర్యటనకు కెప్టెన్‌గా వెళ్ళింది పోర్‌బందర్ మహారాజు, వైస్ కెప్టెన్ లింబ్డీ రాకుమారుడు. ఆటలో తన స్థాయి ఏమిటో తెలిసిన పోర్‌బందర్ మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు. లింబ్డీ గాయపడ్డాడు. అట్లా టెస్టు పగ్గాలు నాయుడి చేతికి వచ్చాయి. మొదటి ఉదయమే ఇంగ్లండ్ 19 పరుగులకు 3 వికెట్లు పోగొట్టుకుంది. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా నాయుడు తొలి ఇన్నింగ్స్‌లో 40 పరుగులతో జట్టులో అందరికంటే ఎక్కువ చేశాడు. మ్యాచ్ 158 పరుగుల తేడాతో పోయింది. ఓడిన కెప్టెన్ అంటున్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. భారత్‌కు తొలి టెస్టు విజయం 1952లో గానీ రాలేదు. ఇరవై ఏళ్ళపాటు ఎవరూ గెలిపించలేని జట్టును మొదటి నాలుగు మ్యాచుల్లో గెలిపించలేదని ఒక్కడి మీద నేరం మోపుతున్నారు.

ఆ పర్యటనలో ఆయన 1618 ఫస్ట్‌క్లాస్ పరుగులు చేశాడు, ఐదు సెంచరీలు కొట్టాడు, 65 వికెట్లు తీశాడు. 1933లో విజ్డెన్ ఆయన్ను ఏడాది మేటి ఐదుగురు క్రికెటర్లలో ఒకరిగా ప్రకటించింది. రంజీ, దులీప్, సీనియర్ పటౌడీలకు అంతకుముందే ఆ గౌరవం దక్కింది, కానీ వాళ్ళు ఇంగ్లండ్ గూటి పక్షులు. భారత జట్టు చొక్కా వేసుకుని ఆ గౌరవం అందుకున్న మొదటివాడు నాయుడు. ఇదంతా ప్రాంతాభిమానం, తెలుగు దురభిమానం అని ముఖం చిట్లించేవాళ్ళకు ఈ ఒక్కటి చాలు. 1933లో విజ్డెన్ సంపాదకుడికి తెలుగువాళ్ళ మీద ప్రత్యేక ప్రేమ ఉండే కారణం ఏమీ లేదు.

1936 కథ తెలుగువాళ్ళకు మరీ చేదు. ఆ పర్యటనకు కెప్టెన్ విజయనగరం మహరాజ్‌కుమార్ విజ్జీ. మూడు టెస్టుల్లో ఆయన చేసినవి 33 పరుగులు. ఆ పర్యటన నడుస్తుండగానే ఆయనకు సర్ బిరుదు వచ్చింది. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపిన పర్యటన అది. నాయుడు ఆ కెప్టెన్ కింద ఆటగాడిగా మిగిలాడు. ఓవల్‌లో తన చివరి టెస్టులో, చివరి ఇన్నింగ్స్‌లో, ఇంగ్లండ్ బౌలర్ గబ్బీ అలెన్ బంతి ఒంటికి బలంగా తగిలినా మైదానం వదలకుండా 81 పరుగులు చేశాడు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే. నలభయ్యో ఏట, తన స్థానంలో కూర్చున్న అసమర్థుడి కింద, దెబ్బ తిని ఆడిన ఆ ఇన్నింగ్స్ సగటు 25 అన్న అంకెలో ఎక్కడ కనపడుతుంది?

ఫస్ట్‌క్లాస్ సగటు 36 కూడా దాటలేదని ఇంకో అభ్యంతరం. 207 మ్యాచులు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు ఆయన మొత్తం ఖాతా. సగటు 35.94. విజయ్ మర్చంట్ సగటు 71 కదా అంటారు. ఈ పోలికలో ఒక మోసం ఉంది. నాయుడు ఫామ్ తగ్గగానే బ్యాటు అటక మీద పెట్టి సగటు కాపాడుకున్న బాపతు కాదు. హోల్కర్ సైన్యంలో కల్నల్‌గా ఇండోర్‌లో స్థిరపడి, హోల్కర్ జట్టును నాలుగుసార్లు రంజీ విజేతగా నిలిపాడు. 1945-46లో, యాభయ్యో పడిలో, బరోడా మీద 200 కొట్టాడు. అరవై ఒకటో ఏట ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడాడు. చివరి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ 1963-64లో, అరవై ఎనిమిదేళ్ళప్పుడు. మనుమల్ని ఆడించే వయసులో ఆడిన ప్రతి ఇన్నింగ్సూ ఆ సగటును కిందికి లాగింది. యాభై ఏళ్ళ దగ్గర ఆగిపోయి ఉంటే అంకె అందంగా ఉండేది, భారత క్రికెట్ పేదదై ఉండేది.

మర్చంట్‌కే ఇంకా చోటు దక్కలేదు, ముందు ఆయన సంగతి చూడండి అనేవాళ్ళూ ఉన్నారు. మర్చంట్ తప్పకుండా రావాలి. కానీ ఒకరికి జరిగిన అన్యాయం మరొకరి అన్యాయానికి సమర్థన ఎట్లా అవుతుంది? పైగా ఇద్దరి దారులు వేరు. మర్చంట్‌ను తేవాల్సింది పరుగుల దారిలో, నాయుడిని తేవాల్సింది చరిత్ర మీద వేసిన ముద్ర దారిలో. ఒకరి వెనక ఒకరు నిలబడాల్సిన వరస కాదిది.

ఈ చిక్కును మరో ఆట ఎప్పుడో విప్పుకుంది. అనంతపురంలో ఆర్డీటీ సంస్థ మైదానాల్లో సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలున్నారు కాబట్టి పిచర్ అంటే ఎవరో ఇక్కడ విడమరిచి చెప్పనక్కర్లేదు. అమెరికా బేస్‌బాల్‌లో సాచెల్ పెయిజ్ అనే పిచర్ ఉండేవాడు. నల్లవాడు కావడంతో పెద్ద లీగ్ తలుపులు ఆయనకు మూసి ఉన్నాయి. నల్లవాళ్ళ లీగుల్లో ఇరవై ఏళ్ళు బంతి విసిరాడు. 1947లో జాకీ రాబిన్సన్ ఆ గోడ బద్దలుకొట్టాక, 1948లో నలభై రెండేళ్ళ వయసులో పెయిజ్‌కు పెద్ద లీగ్‌లో చోటు దొరికింది. అక్కడ ఆయన గెలిచినవి 28, ఓడినవి 31. గెలుపు కంటే ఓటమే ఎక్కువ. హాల్ ఆఫ్ ఫేమ్‌కు కనీసం పది సీజన్లు ఉండాలన్న నియమం కూడా అడ్డం. 1971లో ఆయన్ను గౌరవించాలనుకున్నప్పుడు మొదట వేరే గదిలో, విడిగా పెడతామన్నారు. జనం మండిపడ్డారు. తోటివాళ్ళతో సమానంగా పూర్తి స్థానం ఇవ్వక తప్పలేదు. అంతటితో ఆగలేదు. 2020లో నల్లవాళ్ళ లీగులను కూడా పెద్ద లీగులుగానే గుర్తించారు, 2024లో ఆ అంకెలను అధికారిక రికార్డుల్లో కలిపారు. పెయిజ్ యాభై తొమ్మిదేళ్ళప్పుడు కూడా ఒకసారి పెద్ద లీగ్‌లో బంతి విసిరాడు. నాయుడు కథ తెలిసినవాళ్ళకు ఇందులో చుట్టరికం కనపడకుండా ఉండదు. ఒకరికి తలుపు మూసింది ఒంటి రంగు, మరొకరికి వలస పాలన. బేస్‌బాల్ ఆ తలుపును కూడా లెక్కలోకి తీసుకుంది. క్రికెట్ ఇంకా తలుపు వెనక మిగిలిన అంకెలనే చదువుతోంది.

చివరికి మిగిలేది మనవాళ్ళు చెప్పే అతి మెత్తని సాకు: ఆయన పేరు మీద ట్రోఫీ ఉంది, జీవన సాఫల్య పురస్కారం ఉంది, 1956లో పద్మభూషణ్ ఇచ్చారు, ఇంకేం కావాలి?

ఈ సాకులోని ఎగతాళిని అనంతపురం 2024 సెప్టెంబర్‌లో కళ్ళారా చూసింది. దులీప్ ట్రోఫీ ఇక్కడి ఆర్డీటీ మైదానానికి వచ్చింది. శ్రేయస్ అయ్యర్, రుతురాజ్ గైక్వాడ్ వంటివాళ్ళు ఈ కరువు సీమలో ఆడారు, అది నిజంగా పండగే. కానీ ఆ ట్రోఫీకి పేరిచ్చిన దులీప్‌సింహ్‌జీ ఆడిన పన్నెండు టెస్టులూ ఇంగ్లండ్ తరఫునే. మన దేశవాళీ క్రికెట్‌కు తలమానికమైన రంజీ ట్రోఫీకి పేరిచ్చిన రంజిత్‌సింహ్‌జీ ఆడిన పదిహేను టెస్టులూ ఇంగ్లండ్ తరఫునే. భారత్ తరఫున ఒక్క బంతీ ఎదుర్కోనివాళ్ళ పేర్లు పెద్ద పోటీలకు, యుద్ధానికి ముందు భారత్ ఆడిన ప్రతి టెస్టూ ఆడినవాడి పేరు ఇరవై మూడేళ్ళ లోపు కుర్రాళ్ళ పోటీకి. దీన్ని చూపించి 'ఇంకేం కావాలి' అనడానికి నోరెట్లా వస్తుంది? ఏటేటా పెద్దలు వేదిక ఎక్కి ఆయన పేరిట పురస్కారం ఇచ్చి, పుచ్చుకుని, ఫొటోలు దిగుతారు. ఆ పేరుగల మనిషి ఏం చేశాడో ఆ వేదిక మీద ఎంతమంది చెప్పగలరు? చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే.

హాల్ ఆఫ్ ఫేమ్ వట్టి ప్రచార తంతు, దానికోసం ఇంత గింజుకోవడం దేనికి అనేవాళ్ళకు కూడా ఒక మాట. అది తంతే అయితే అందులో ఎవరున్నా లేకున్నా ఒకటే, అప్పుడు నాయుడు వద్దని అంకెలు తీసి వాదించే శ్రమ కూడా అక్కర్లేదు. విలువుంది కాబట్టే వాదిస్తున్నారు. రేపు క్రికెట్ చరిత్ర తెలుసుకోవాలనుకునే పిల్లవాడు ఆ జాబితా తెరిస్తే భారత క్రికెట్ 1940లలో, మన్కడ్‌తో మొదలైనట్టు కనపడుతుంది. దానికి ముందున్న ముప్పై ఏళ్ళ చెమట, అవమానం, పట్టుదల ఏమీ జరగనట్టే.

ఈ పని జరగాలంటే అడిగేవాళ్ళు కావాలి. అడగాల్సిన మొదటి గొంతు ఆంధ్ర క్రికెట్ సంఘానిది. కారణం ఉంది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలోకి తొలిసారి దిగింది. కర్నూలు రాజధానిగా, అనంతపురంతో సహా పదకొండు జిల్లాలతో అప్పుడే కళ్ళు తెరిచిన రాష్ట్రానికి క్రికెట్ జట్టంటే ఏమిటో తెలియదు. ఆ జట్టుకు తొలి కెప్టెన్ కావడానికి ఒప్పుకున్నది యాభై ఎనిమిదేళ్ళ సి.కె. నాయుడు. తాతల కాలంలోనే బందరు ప్రాంతం వదిలి నాగపూర్ చేరిన కుటుంబం వాళ్ళది. గెలుపు దొరుకుతుందన్న ఆశ లేని చోటికి, కొత్తగా పుట్టిన తన భాషవాళ్ళ రాష్ట్రం కోసం వచ్చాడు. ఈ రోజు అనంతపురంలో, విశాఖలో, మంగళగిరిలో ఆంధ్ర టోపీ పెట్టుకునే ప్రతి ఆటగాడూ ఆయన తర్వాతివాడే.

కాబట్టి ఆంధ్ర క్రికెట్ సంఘం తన తొలి కెప్టెన్ పేరును బిసిసిఐకి రాతపూర్వకంగా పంపాలి. హైదరాబాద్, విదర్భ, మధ్యప్రదేశ్ సంఘాలు దానికి సంతకాలు కలపాలి, ఆయన ఆ గడ్డల మనిషి కూడా. బిసిసిఐ ఆ పేరును యుద్ధాల నడుమ కాలం కింద, చరిత్ర మీద ముద్ర అన్న నిబంధన కింద ఐసిసి ముందు పెట్టాలి. ఐసిసిలో ఇవాళ భారత బోర్డు మాటకు ఉన్న బరువు ఎంతో అందరికీ తెలిసిందే. ప్రసార హక్కుల వాటా కోసం వాడే ఆ బరువును ఒక్కసారి చరిత్ర కోసం వాడితే తప్పేమీ లేదు.

అప్పుడు ఎంపిక చేసేవాళ్ళ ముందు రెండే దారులుంటాయి. కాన్‌స్టంటైన్‌కు, రిచర్డ్స్‌కు వర్తించిన న్యాయాన్ని నాయుడికీ వర్తింపజేయడం మొదటిది. ఆ న్యాయం ఒక నల్లజాతి వీరుడికి, ఒక తెల్లజాతి బ్యాటర్‌కు చెల్లుతుంది గానీ వలస భారతదేశపు కెప్టెన్‌కు చెల్లదని బాహాటంగా రాసివ్వడం రెండోది. ఏడు టెస్టుల లెక్క వెనక దాక్కోవడానికి మూడో దారి లేదు. ఎందుకంటే ఆ లెక్కను వాళ్ళే, వాళ్ళ చేతులతోనే, రెండుసార్లు కొట్టేశారు.